అపర అన్నపూర్ణ డొక్కా సీతమ్మగారు

గోదావరి ధవళేశ్వరము దాటిన పిమ్మట పాయలుగా చీలి సముద్రమును చేరుచున్నది. తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ. ఈ రెంటి నడుమ నున్న నేలయే మన కోనసీమ. గన్నవరము ప్రాంతమున వసిష్ఠ నుండి మరియొక పాయ విడివడి వైనతేయ మను పేర ఓడలరేవు కడ కడలిలో కలియుచున్నది. ఈ వైనతేయము ఒడ్డునే లంకల గన్నవరము కలదు. నూటయేబది యేండ్ల క్రిందట ఈ సీమలో బాటసారికి దారి యనగా పొలము గట్టు, కాలువ గట్టు, రేవు, పడవ, ఇంతే. అమలాపురము వైపు నుండి రాజోలు వైపునకు పోవువాడును, అంతర్వేది తీర్థమునకు వెళ్లువాడును, పెండ్లికి తరలినవారును, కూలికి పోవువారును నది దాటక తప్పదు. గాలి వీచినను, వరద వచ్చినను, ప్రొద్దు వాలినను పడవ కదలదు. రేవున చిక్కినవానికి ఆకలి వేసిన పూటకూళ్ల యిల్లు పట్టణములందే గాని పల్లెలలో లేదు. అట్టి త్రోవలో ఒక గడప ఎల్లవేళల తెరచియుండెడిది. ఆ గడప డొక్కావారిది.

సీతమ్మగారు ప్లవ నామ సంవత్సరమున, అనగా 1841 అక్టోబరు మాసమున, మండపేటలో జన్మించిరి. తండ్రి అనుపిండి భవానీశంకరముగారు, తల్లి నరసమ్మగారు. భవానీశంకరముగారిని ఊరివారు ఆ పేరుతో పిలిచినది తక్కువ. వచ్చినవానికెల్ల అన్నము పెట్టెడివారు గాన బువ్వన్నగారని పిలిచెడివారు. పేరు పెట్టుటలో మన పల్లెవారిది చెడ్డ నేర్పు. మంచికైనను చెడుకైనను వారు పెట్టిన పేరు మనిషిని విడువదు.

ఆ కాలమును కొంచెము తలచుకొనవలయును. సీతమ్మగారు పుట్టుటకు ఎనిమిది తొమ్మిది యేండ్లకు ముందు, 1832-33లో, నందన కరవు వచ్చినది. గుంటూరు సీమలో జనాభాలో సుమారు మూడవ వంతు ఆ కరవునకు ఆహుతి యయ్యెను. గోదావరి మండలము కూడ ఆ దెబ్బ తిని చాల యేండ్లు తేరుకొనలేదు. నది ప్రక్కనే పారుచున్నను పొలమునకు నీరెక్కదు. వరద వచ్చిన మునక, రాకున్న ఎండు. గంజి కొరకు బిడ్డల నమ్ముకొన్నవారిని కన్నులార చూచిన తరమువారు భవానీశంకరముగారి తరమువారు. అన్నమనగా ఆ తరమువారికి పుణ్యము కొరకు చేయు దాన మొక్కటియే కాదు. అది లేక మనుష్యులు ఎట్లు పోవుదురో వారెరుగుదురు. ఆ యింట పెరిగిన బాలికకు బడి చదువు లేదు. తల్లి చిన్ననాటనే గతించుటచే ఇంటి పని మీద పడినది. తండ్రి చెప్పు కథలు వినుట, అతిథులకు ఆకు వేయుట, ఇవియే ఆమె విద్య.

లంకల గన్నవరమునకు చెందిన డొక్కా జోగన్నగారు పెద్ద భూవసతి గలవారు, వేదము చదివినవారు. ఒకప్పుడు వారు మండపేట వైపు పండిత సభకు పోయి తిరిగి వచ్చుచు, మధ్యాహ్నపు వేళ ఆకలిగొని భవానీశంకరముగారి యింట అతిథిగా దిగిరనియు, ఆ బాలిక చేసిన ఆదరణ చూచి సంబంధము కోరిరనియు చెప్పుకొందురు. పెండ్లి జరిగెను. సీతమ్మగారు గన్నవరము చేరిరి.

చరిత్ర చెప్పువారు సాధారణముగా జోగన్నగారిని ఇంతటితో విడిచిపెట్టుదురు. అది న్యాయము కాదు. పొలము ఆయనది, గాదె ఆయనది, ధాన్యము కొలిచి యిచ్చు చేయి ఆయనది. ఇల్లాలు అర్ధరాత్రి పొయ్యి రాజేసిన మరునాడు ఖర్చు లెక్క చూచి ముఖము చిట్లించు మగడైనచో ఆ పొయ్యి ఎన్నాళ్లు మండియుండును? ఆయన వద్దనలేదు. వద్దనకపోవుటయే గాక, అవసరమైనప్పుడు తానే అన్నము మోసుకొనిపోయెను. ఆ సంగతి ముందు చెప్పెదను.

సీతమ్మగారు పదేండ్ల ప్రాయమున నున్న రోజులలోనే మన సీమ తలవ్రాత మారుచుండెను. ఆర్థరు కాటను దొరగారు 1847లో ధవళేశ్వరమున మొదలిడిన ఆనకట్ట 1852 నాటికి పూర్తియయ్యెను. గన్నవరము కడ వైనతేయమునకు అడ్డముగా 49 కమానులతో అక్విడెక్టు కట్టి, కాలువను నది పైనుండి ఆవలి లంక భూములకు నడిపిరి. ఆ పనిని నడిపినవాడు హేగ్ అను యువ ఇంజనీరు. ఈ కట్టడములు లేనిచో డొక్కావారి గాదె అన్ని యేండ్లు నిండియుండెడిది కాదు. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధాని నంతటిని మాడ్చిన ధాతు కరవులో బళ్లారి, కర్నూలు, కడప మండలములు శవములగుట్టలైనప్పుడు గోదావరి డెల్టా పండినది. పైగా ఇతర సీమలకు ధాన్య మంపినది. కాటను దొర నీరు పొలమునకు చేర్చెను. పండిన గింజ ఆకలిగొన్నవాని విస్తరికి చేరుటకు మరియొకరు కావలసి వచ్చిరి.

అన్నదానమను మాట పలుకుట సులభము. దాని వెనుక నున్న చాకిరి ఎట్టిదో నేటి పిల్లలకు తెలియదు గనుక కొంచెము వివరించెదను. ఆనాడు బియ్యపు మర లేదు. వడ్లు గాదె నుండి తీసి, ఎండబెట్టి, రోకళ్లతో దంచి, చెరిగి, తవుడు నూకలు వేరు చేసి, అప్పుడు కుంచముతో కొలిచి బియ్యము పోయవలయును. నీరు కుండలతో తేవలయును. వంటచెరకు వానకాలమునకు ముందే కోసి అటకనెక్కింపవలయును. లేకున్న శ్రావణ భాద్రపదములలో కొబ్బరి డొక్కలతోను, తడిసిన కమ్మలతోను పొయ్యి నూదుకొనుచు కన్నులు పోగొట్టుకొనవలయును. అరటి ఆకు మన సీమలో కొరత లేదు గాని, ఏబది ఆకులు కోసి తుడిచి పెట్టుటకు ఒక మనిషి కావలయును. కంద, పెండలము, అరటికాయ, పనస పొట్టు, గోంగూర పెరటిలో దొరకును. పప్పు, నేయి, మజ్జిగ, ఊరగాయ ముందుచూపు లేనిదే దొరకవు. ఇన్నియు ఉన్న తరువాత కూడ, ఎందరు వత్తురో, ఎప్పుడు వత్తురో తెలియదు. పెండ్లి వంటకు లెక్క యుండును. ఆ యింటి వంటకు లెక్క లేదు. పగలు భోజనములు ముగిసి, గిన్నెలు కడిగి, వంటిల్లు అలికిన పిమ్మట రేవున పడవ దిగి పదిమంది వచ్చినచో మరల మొదటినుండి మొదలుపెట్టవలసినదే. ఇట్లు ఒక దినము చేయుట వేడుక. ఒక సంవత్సరము చేయుట పట్టుదల. సీతమ్మగారు దీనిని జీవితమంతయు చేసిరి.

ఒక వరదల రాత్రి సంగతి ఈ ప్రాంతమున ఇంటింట చెప్పుకొందురు. గోదావరి పొంగి పొర్లుచుండ, చీకటిలో నదివైపు నుండి ఆకలి ఆకలి యను కేక సీతమ్మగారి చెవిని బడెను. లంకలో చిక్కువడిన యొక నిరుపేద, అంటరానివాడని ఊరు దూరముగా నుంచిన కులమువాడు, ప్రాణము నిలుపుకొనుటకై అరచుచుండెను. ఆమె వెంటనే వండి మూట కట్టెను. తీసికొనిపోవువారెవ్వరు? వాన, వరద, చీకటి. పడవవాడు కూడ జంకు వేళ. జోగన్నగారు ఆ మూట తీసికొని ప్రవాహము దాటి వానికి అన్నము పెట్టి వచ్చిరట. పంక్తి భేదములు కత్తివలె పదునుగా నున్న కాలమది. వేదము చదివిన బ్రాహ్మణ గృహస్థు ఒకడు అట్టి వానికై ప్రాణమునకు తెగించి పోవుట ఆనాటి వారికి నచ్చినదా నచ్చలేదా యను ప్రశ్న నాకు తోచుచుండును. నచ్చినను నచ్చకున్నను ఆ దంపతులు ఊరిని అడిగి వండలేదు. ఆ యింటి గడప కడ కులమేదని అడుగుట లేదని పెద్దలందరును ఏకముగా చెప్పుదురు. ఇంటిపేరు డొక్కావారు, ఆ యింట డొక్క యెండి తిరిగిపోయినవాడు లేడు.

ఇంత పెట్టినచో ఏ గాదెయైనను తరుగకుండునా? తరిగినది. పొలముపై వచ్చునది చాలక ఆస్తి కరగ నారంభించెనని చెప్పుదురు. హితము కోరినవారు కొందరు, తగ్గించుకొమ్మని, వారమున కొన్నాళ్లు పెట్టి కొన్నాళ్లు మానుమని సలహా యిచ్చియుందురు. అట్టి సలహాలు ఇచ్చుటకు ఏ యూరనైనను మనుష్యులు కొరతపడరు. అప్పుడు జోగన్నగారు పొలమున త్రవ్వుచుండగా బంగారు నాణెములతో నిండిన బిందె దొరికినదనియు, దానితో అన్నదానము నిలిచినదనియు కథ. ఈ బిందె కథను నమ్మువారు నమ్ముదురు గాక. నాకు దానికంటె బిందె దొరకకముందటి దినములే గొప్పగా తోచును. ధనము దొరకిన పిమ్మట పెట్టుటలో కష్టమేమున్నది? గాదె అడుగు కనబడుచున్న దినమున, రేపటి సంగతి తెలియని దినమున, వచ్చినవానికి ఆకు వేయుట యున్నదే, అది కష్టము.

ఇక అంతర్వేది సంగతి. సీతమ్మగారి జీవితమున నన్నిటికంటె నన్ను ఆకర్షించినది ఇది. కోనసీమలో పుట్టినవారికి అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి దర్శనము ఎంతటి కోరికయో చెప్పనక్కరలేదు. వసిష్ఠ సాగరమున గలియు చోట వెలసిన స్వామి. మాఘమాసమున భీష్మ ఏకాదశి నాటి కల్యాణమునకు లక్షల జనము కూడును. గన్నవరము నుండి అంతర్వేది దూరము గాదు. అయినను సీతమ్మగారికి అక్కడికి పోవుటకు తీరిక లేకపోయెను. ఇల్లు విడిచినచో వచ్చినవారి గతి యేమి? అట్లు సంవత్సరములు గడచిన పిమ్మట ఒకనాడు ఎట్లో మనసు గట్టిచేసికొని పల్లకిలో బయలుదేరిరి. ఏనుగుపల్లి కడ బోయీలు అలసట తీర్చుకొనుటకై పల్లకి దించిరి. అదే చోట నెదురుదారిని వచ్చుచున్న మరియొక పరివారము నిలిచియుండెను. అందు పసిపిల్లలు ఆకలికి తాళలేక యేడ్చుచుండిరి. పెద్దలు వారిని ఓదార్చుచు, ఇంకెంతో దూరము లేదనియు, గన్నవరము చేరినచో సీతమ్మగారి యింట కడుపునిండ తినవచ్చుననియు నచ్చజెప్పుచుండిరి. పల్లకిలో నున్నది ఆ సీతమ్మగారేయని వారెరుగరు.

ఇక్కడ ఒక క్షణ మాగి ఆలోచింపవలయును. ఆమె ఆ పిల్లలకు ఏ మాటయు ఇచ్చియుండలేదు. వారెవ్వరో ఆమెకు తెలియదు. ఆమె ఊరూర చాటించి, నా యింట నెల్లరకు అన్నము దొరకునని ఏ సభలోను ప్రతిన పట్టలేదు. అయినను ఆమె చేసిన పనియే మాటగా మారి, దారి పొడవునను నడచి, ముక్కు ముఖము తెలియని యొక తండ్రి నోట తన బిడ్డలకిచ్చు వాగ్దానమైనది. అతడు ఆమె పేర మాట యిచ్చినాడు. ఆమె స్వామి దర్శనమునకు ముందుకు సాగినచో, ఆ బిడ్డలు గన్నవరము చేరి, యజమానురాలు లేని యింటి అరుగు మీద కూర్చుండి, ఏడ్చియేడ్చి నిదురపోదురు. తప్పు ఆమెదని ఎవ్వరును అనరు. తీర్థమునకు పోయినదని సరిపెట్టుకొందురు. లోకము క్షమించును. ఆమె తన్ను తాను క్షమింపలేకపోయెను. బోయీలను పల్లకి వెనుకకు త్రిప్పుమనెను. వారు విస్తుపోయిరి. ఇంత దూరము వచ్చి దేవుని చూడకుండ మరలుట అపచారమని తోచుట సహజమే. ఆమె వినలేదు. ఆ పరివారమునకంటె ముందుగా ఇల్లు చేరి, పొయ్యి రాజేసి, వారు గుమ్మమున అడుగిడు వేళకు వంట సిద్ధము చేసెను. వడ్డించునప్పుడు దారిలో జరిగిన సంగతి వారికి చెప్పలేదట.

గ్రంథాలయ సంచికలో వ్రాయుచున్నాను గనుక ఒక మాట మధ్యలో చెప్పుకొందును. మన ప్రాంతపు సభలలో చందాలు చదువు ఘట్టము మీరందరు చూచినదే. ఒకాయన లేచి బీరువాకు వాగ్దానము చేయును, చప్పట్లు మ్రోగును. మరియొకాయన అంతకు రెట్టింపు చెప్పును. చప్పట్లు ఇంకను గట్టిగా మ్రోగును. మరునాటి నుండి కార్యదర్శి చందా పుస్తకము చంకను బెట్టుకొని తిరుగుట మొదలు. ఒక సభలో చదువబడిన జాబితాను నాలుగేండ్ల తరువాత నేను చూచితిని. సగము పేర్ల కెదుట అంకె పడనేలేదు. చెప్పిన మొత్తములో ఒక్క కాసు తగ్గకుండ తెచ్చి యిచ్చినవారిలో, ఆనాడు సభలో లేచి మాటాడని ఒక కొబ్బరి దింపు కార్మికుడున్నాడు. ఆయన చందా రెండు రూపాయలు. ఇది ఎవ్వరినో దెప్పుటకు చెప్పలేదు. మన గ్రంథాలయములు నిలిచినది ఆ రెండు రూపాయల మీదనే యని పాత కార్యదర్శులందరికిని తెలియును.

సీతమ్మగారి పేరు గోదావరి దాటి పోయెను. పిఠాపురము మహారాజావారు మంత్రితో మారువేషమున వచ్చి, వేళగాని వేళ తలుపు తట్టి, ఆమె పెట్టిన అన్నము తిని నిజము తెలిసికొనిరని యొక కథ కలదు. పరీక్షకు వచ్చిన రాజు కథ మన దేశమున ప్రతి దాత చరిత్రలోను కనబడును. కనుక దీనికి నేను అంత విలువ నీయను. ఆకలితో వచ్చినవాడు రాజైనను కూలియైనను ఆమెకు పెట్టవలసిన విస్తరి యొక్కటే గదా.

ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి విషయము వేరు. 1901లో సింహాసనమెక్కిన ఆ చక్రవర్తి పట్టాభిషేక సంబంధమైన ఉత్సవమునకు సీతమ్మగారిని ఆహ్వానింపవలసినదని మద్రాసు ప్రభుత్వము ద్వారా మన జిల్లా కలెక్టరునకు ఉత్తరువు వచ్చెననియు, కలెక్టరు స్వయముగా గన్నవరము వచ్చి విన్నవించెననియు ప్రసిద్ధి. ఎంతటి గౌరవము! ఆనాడు జమీందారులు అట్టి పిలుపు కొరకు సంవత్సరముల తరబడి ఎదురు చూచెడివారు. సీతమ్మగారు వెళ్లుటకు అంగీకరింపలేదు. తాను చేయుచున్నది పేరు కొరకు కాదనియు, తాను వెళ్లినచో ఇక్కడ వచ్చినవారికి పెట్టువారెవ్వరనియు ఆమె కారణము. దేవుని దర్శనమునకే సగము దారి నుండి మరలి వచ్చిన ఆమెకు చక్రవర్తి దర్శనమొక లెక్కయా? కనీసము ఛాయాపటమైనను తీసికొననిమ్మని కలెక్టరు ప్రాధేయపడెననియు, అది పంపనిచో తన యుద్యోగమునకే ముప్పని చెప్పుకొనెననియు అందురు. ఒక మనిషి కష్టములో నున్నాడని విన్నపిమ్మట కాదనుట ఆమెకు చేతగాదు. అట్లు ఒప్పుకొని కూర్చున్నందువలననే ఆమె రూపము నేడు మనకు దక్కినది. ఆ పటమును ఉత్సవమున నొక ఆసనము మీద నుంచి గౌరవించిరని పెద్దలు చెప్పుదురు. నగలు లేవు, ఆడంబరము లేదు; పని మధ్యలో పిలిచిన వచ్చి కూర్చున్న పెద్ద ముత్తవ్వవలె నుండును.

సౌమ్య నామ సంవత్సరమున, 1909 ఏప్రిలు 28వ తేదీన, సీతమ్మగారు తమ 67 యేండ్ల ప్రాయమున పరమపదించిరి. ఆమె గ్రంథము వ్రాయలేదు, ఉపన్యాసమీయలేదు, సంఘము స్థాపింపలేదు. తెలుగుదేశమున అప్పుడు పెద్ద పెద్ద ఉపన్యాసకులు సభలను ఉర్రూతలూగించుచున్న రోజులు. వారిలో పలువురు మహనీయులు, సందేహము లేదు. అయినను ఆ ఉపన్యాసములకు పోవుచు వచ్చుచు వైనతేయము రేవున చిక్కిన శ్రోతలు భోజనము చేసినది ఎవ్వరింటనో వేరుగా చెప్పనక్కరలేదు.

గన్నవరము కడ కాటను దొర నాటి పాత అక్విడెక్టు చెంతనే కట్టిన క్రొత్త అక్విడెక్టునకు 2000వ సంవత్సరము ప్రాంతమున డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. అంబాజీపేట నుండి రాజోలు పోవువారు నేడు ఆమె పేరు మీదుగా నది దాటుచున్నారు. పడవ కొరకు రేవున పడిగాపులు లేవు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది. పేరు పెట్టుట ప్రభుత్వము చేతిలోని పని. వండుట మాత్రము ప్రతి యూర బడి వంటశాలలో పని చేయు ఆడవారి చేతిలో నున్నది. వారు తెల్లవారగనే వచ్చి, బియ్యము కడిగి, ఎసరు పెట్టి, మధ్యాహ్నపు గంట మ్రోగకముందే పప్పు దించవలయును. మన యూరి బడిలో గంట కొట్టగానే పిల్లలు పళ్లెములు పట్టుకొని పరుగెత్తుదురు. వారిలో ఒక్కడును, అన్నము ఉడికినదో లేదో యని అనుమానించి ఆగుట నేను చూడలేదు.